జర్మన్‌లో బారెడు విశేషణాలు: ఎక్కడ విరవాలి, ఎలా చదవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ నేర్చుకునేవాళ్లు ఏ1, ఏ2 అనే మొదటి స్థాయిల దాకా హుషారుగానే వస్తారు. బి1లోకి వచ్చాక ఉద్యోగ ఒప్పందమో, అద్దె కాగితమో, మందుల పెట్టె మీది రాతో చేతికొస్తుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్. జర్మన్ నామవాచకాల పొడవు మీద జోకులు అందరూ వేస్తారు, పొడవాటి విశేషణాల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. రోజువారీ కాగితాల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి అవే. పైగా వాక్యాన్ని బట్టి వాటి చివర మారిపోతూ ఉంటుంది.

ఇక్కడ జర్మన్ పదాలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. తెలుగులో ‘అక్షరం’ అంటే రాసే అక్షరమూ అవుతుంది, పలికే ముక్కా అవుతుంది. ఆ గందరగోళం వద్దని పలికే ముక్కను సిలబుల్ అనే అంటున్నాను. అర్థం ఉన్న అతి చిన్న ముక్క పదాంశం. ఇగ్, లిష్, ఇష్ అనే మూడు ప్రత్యయాలు మాటిమాటికీ వస్తాయి. మొదటిదాన్ని స్పెల్లింగ్ ప్రకారం ‘ఇగ్’ అని రాస్తున్నాను. పదం చివర వస్తే ప్రామాణిక ఉచ్చారణలో అదీ దాదాపు ‘ఇష్’ లాగే వినిపిస్తుంది. దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో ‘ఇక్’ అంటారు. ఏది పలికినా ఎవరూ తప్పు పట్టరు.

అసలు విశేషణ సమాసం అంటే ఏమిటి?

రెండో మూడో పదాలు కలిసి ఒకే విశేషణంగా మారడం. ఉమ్‌వెల్ట్ అంటే పర్యావరణం, ఫ్రొయిండ్‌లిష్ అంటే స్నేహపూర్వకమైన. కలిపితే ఉమ్‌వెల్ట్‌ఫ్రొయిండ్‌లిష్, పర్యావరణానికి హాని చేయనిది. మొదటి పదం నామవాచకమే కానక్కర్లేదు. డుంకెల్‌బ్లౌ, అంటే ముదురు నీలం, రెండు విశేషణాల కలయిక. బ్యూగెల్‌ఫ్రై, అంటే ఇస్త్రీ అక్కర్లేని, క్రియాధాతువుతో మొదలవుతుంది.

బడిలో సమాసాలు చదువుకున్నవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. ఐరోపా భాషావేత్తలు తత్పురుష, ద్వంద్వ, బహువ్రీహి అనే సంస్కృత పేర్లనే ఇప్పటికీ వాడుతుంటారు. జ్యూస్‌జావర్, అంటే తీపీ పులుపూ కలిసినది, ద్వంద్వం. ఉమ్‌వెల్ట్‌ఫ్రొయిండ్‌లిష్ తత్పురుషం. బహువ్రీహి గురించి కింద విడిగా ఒక ప్రశ్న ఉంది.

పొడవైన పదం కనబడగానే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కుడి చివర నుంచి. జర్మన్ సమాసంలో పెత్తనం ఉత్తరపదానిదే. పదం విశేషణమా నామవాచకమా అన్నది అదే తేలుస్తుంది, అర్థానికి ఆధారమూ అదే. రెత్సెప్ట్‌ప్ఫ్లిష్టిగ్ అనే పదంలో ముందు ప్ఫ్లిష్టిగ్‌ను పట్టుకోండి: తప్పనిసరి బాధ్యత ఉన్నది. దేని బాధ్యత? రెత్సెప్ట్, అంటే డాక్టరు చీటీ. చీటీ లేకుండా అమ్మకూడని మందు అన్నమాట.

తరచూ కనబడే ఇలాంటి చివరలు చాలా తక్కువ. ప్ఫ్లిష్టిగ్ తప్పనిసరి, ఫ్రై లేని లేదా అక్కర్లేని, ఆర్మ్ తక్కువ ఉన్న, రైష్ ఎక్కువ ఉన్న, ఫేయిగ్ చేయగల, వ్యుర్డిగ్ తగిన, బెడ్యుర్ఫ్టిగ్ అవసరమున్న, గెరెష్ట్ అనువైన. నర్సింగ్ పని మీద వెళ్లేవాళ్లు మొదటి వారంలోనే వినే ప్ఫ్లేగెబెడ్యుర్ఫ్టిగ్ ఈ బాపతుదే: ప్ఫ్లేగె అంటే సంరక్షణ, అది అవసరమున్న మనిషి. నాకు బాగా నచ్చేది గెవోనుంగ్స్‌బెడ్యుర్ఫ్టిగ్. మాటకు మాట పెడితే ‘అలవాటు పడాల్సిన అవసరం ఉన్న’ అని. వండినవాళ్ల మనసు నొప్పించకుండా కూర బాలేదని చెప్పడానికి దీన్ని మించింది లేదు.

సిలబుల్ విరుపూ, అర్థం విరుపూ ఒకటేనా?

కాదు. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ జవాబు చదవండి.

ఒకే పదాన్ని రెండు రకాలుగా కోయవచ్చు. అర్థం తెలుసుకోవడానికి కోసేది ఒక కోత, నోటితో పలకడానికి లేదా లైను చివర విరవడానికి కోసేది ఇంకో కోత. కొన్నిచోట్ల రెండూ ఒకే చోట పడతాయి, కొన్నిచోట్ల పడవు. ఎక్కడ పడవన్నది ముందే చెప్పేయవచ్చు: ప్రత్యయం అచ్చుతో మొదలైతే పడవు, హల్లుతో మొదలైతే పడతాయి.

కింట్ అంటే పిల్ల లేదా పిల్లాడు. రాసేటప్పుడు చివర ‘డి’ ఉంటుంది. దానికి లిష్ చేరిస్తే కిండ్‌లిష్, పసితనపు. ఇష్ చేరిస్తే కిండిష్, పెద్దయినా చిన్నపిల్లాడి చేష్టలు చేసే. అర్థం కోత రెండింటిలోనూ కింట్ తర్వాతే పడుతుంది. సిలబుల్ కోత మాత్రం మొదటిదాంట్లో కిండ్-లిష్, రెండోదాంట్లో కిన్-డిష్. లిష్‌కు సొంత హల్లు ఉంది కాబట్టి అది నిలబడుతుంది. ఇష్‌కు ముందు హల్లు లేదు కాబట్టి పక్కనున్న ‘డి’ని లాక్కుంటుంది.

ఈ తేడా చెవికి కూడా అందుతుంది. జర్మన్‌లో సిలబుల్ చివర పడిన బ, డ, గలు ప, ట, కలుగా గట్టిపడతాయి. అందుకే కిండ్‌లిష్‌ను ‘కింట్‌లిష్’ అని పలుకుతారు, కిండిష్‌లో ‘డ’ అలాగే ఉంటుంది. అలాగే గ్లౌబ్‌హాఫ్ట్, అంటే నమ్మదగిన, నోట్లో ‘గ్లౌప్‌హాఫ్ట్’ అవుతుంది. గ్లొయ్‌బిగ్, అంటే భక్తి ఉన్న, ‘బ’తోనే ఉంటుంది. స్పెల్లింగులో ఒకటే అక్షరం, నోట్లో రెండు శబ్దాలు. సిలబుల్ ఎక్కడ తెగుతుందో తెలియకుండా ఉచ్చారణ కుదరదు అనేది ఇందుకే.

లిష్, లోస్, బార్, హాఫ్ట్, జామ్ హల్లుతో మొదలయ్యేవి. ఇగ్, ఇష్ అచ్చుతో మొదలయ్యేవి. నామవాచకాలు తయారుచేసే ఉంగ్ కూడా ఇగ్, ఇష్ జట్టే.

ఒక పదాన్ని పూర్తిగా విప్పి చూపిస్తారా?

జర్మనీలో ఉద్యోగంలో చేరే చాలామంది కాగితాల్లో ఉండే పదం తీసుకుందాం: జోత్సియాల్‌ఫెర్‌జిషెరుంగ్స్‌ప్ఫ్లిష్టిగ్. సామాజిక బీమా చందా తప్పనిసరిగా కట్టాల్సిన ఉద్యోగం అని చెప్పే విశేషణం ఇది. జర్మన్ స్పెల్లింగులో 28 అక్షరాలు. ప్రభుత్వ ఉపాధి లెక్కల్లో, వార్తల్లో నిత్యం కనబడుతుంది.

అర్థం కోత కుడి నుంచి మొదలు. చివర ఇగ్, ‘కలిగిన’. దాని ముందు ప్ఫ్లిష్ట్, బాధ్యత. దాని ముందు ఒంటరి ఎస్, దానికి అర్థం లేదు, అది అతుకు. ఇక మిగిలింది జోత్సియాల్‌ఫెర్‌జిషెరుంగ్, సామాజిక బీమా. అందులో జోత్సియాల్ ఒక పదం, ఫెర్‌జిషెరుంగ్ ఇంకో పదం. ఫెర్‌జిషెరుంగ్‌ను ఇంకా విప్పితే ఫెర్ అనే ఉపసర్గ, జిషర్ అంటే భద్రమైన, ఉంగ్ అనే ప్రత్యయం. మొత్తం ఏడు ముక్కలు: జోత్సియాల్, ఫెర్, జిషర్, ఉంగ్, ఎస్, ప్ఫ్లిష్ట్, ఇగ్.

ఈ ముక్కలు వరసగా అంటించినవి కావు, గుంపులుగా చేరినవి. ముందు ఫెర్, జిషర్, ఉంగ్ కలిసి బీమా అయ్యాయి. దానికి జోత్సియాల్ కలిసి సామాజిక బీమా అయింది. అప్పుడు మొత్తం ప్ఫ్లిష్టిగ్‌కు పూర్వపదమైంది. ‘సామాజికమైన బీమా-బాధ్యత’ అని ఎవరైనా గుంపు కడితే అర్థం పక్కకు పోతుంది.

ఇప్పుడు లైను చివర విరిచే కోత: జో-త్సి-ఆల్-ఫెర్-జి-షె-రుంగ్స్-ప్ఫ్లిష్-టిగ్. తొమ్మిది ముక్కలు. జిషర్ అనే పదాంశం మూడుగా చీలిపోయింది. దాని చివరి ‘ర్’ ఉంగ్‌తో వెళ్లి ‘రుంగ్’ అయింది. ప్ఫ్లిష్ట్ చివరి ‘ట్’ ఇగ్‌తో వెళ్లింది. అతుకు ఎస్ మాత్రం ఎడమవైపు సిలబుల్‌కే అంటుకుని ‘రుంగ్స్’ అయింది. అంటే పెద్ద కీళ్ల దగ్గర, అంటే ఆల్ తర్వాత, రుంగ్స్ తర్వాత, రెండు కోతలూ ఒకే చోట పడ్డాయి. చిన్న ప్రత్యయాల దగ్గర విడిపోయాయి. జర్మన్ పొడుగు విశేషణాలన్నిటిదీ దాదాపు ఇదే తీరు.

మామూలు వేగంతో మాట్లాడేటప్పుడు ‘త్సి-ఆల్’ కలిసి ‘త్స్యాల్’ అవుతుంది కాబట్టి నోట్లో ఎనిమిదే వినబడవచ్చు. ఊనిక, అంటే నొక్కి పలకడం, ఆ ‘త్స్యాల్’ మీదే పడుతుంది.

మధ్యలో ఆ ‘ఎస్’ ఎక్కడి నుంచి వచ్చింది?

దాన్ని జర్మన్‌లో ఫూగెన్-ఎస్ అంటారు. ఫూగె అంటే అతుకు. షష్ఠీ విభక్తి గుర్తని క్లాసుల్లో చెబుతుంటారు. పాతకాలంలో కొన్ని పదాల్లో అది నిజమే. ఇప్పుడు ఆ వివరణ నిలవదు. ఆర్‌బైట్, అంటే పని, స్త్రీలింగం. స్త్రీలింగానికి షష్ఠిలో ఎస్ రాదు. అయినా నిరుద్యోగి అనడానికి ఆర్‌బైట్స్‌లోస్ అంటారు, ఎస్ పెట్టే.

నమ్మదగిన సూత్రం ఒకటుంది. పూర్వపదం చివర ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, ఇయోన్, టేట్ ఉంటే ఎస్ దాదాపు తప్పకుండా వస్తుంది: ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్స్‌ఫోల్, అంటే బాధ్యతాయుతమైన. మిగతా పదాల దగ్గర వాడుకే దిక్కు. లీబె, అంటే ప్రేమ, ఒక్కటే చూడండి. లీబెఫోల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. లీబ్‌లోస్‌లో చివరి అచ్చు ఊడిపోతుంది. లీబెస్‌బెడ్యుర్ఫ్టిగ్‌లో ఎస్ వచ్చి చేరుతుంది. మూడూ సరైనవే, మూడింటికీ కలిపి ఒక సూత్రం లేదు. హిల్ఫె అంటే సాయం. హిల్ఫ్స్‌బెరైట్, అంటే సాయానికి సిద్ధంగా ఉండే, అన్నప్పుడు అచ్చు ఊడడం, ఎస్ చేరడం రెండూ జరిగిపోయాయి.

జర్మన్లకే దీని మీద ఏకాభిప్రాయం లేదు. ఆదాయపన్నును చట్టాల్లో ఎస్ లేకుండా ఐన్‌కొమ్మెన్‌ష్టోయర్ అని రాస్తారు, మామూలు జనం ఎస్ పెట్టీ రాస్తారు. పన్ను ఆఫీసుకు రాసే ఉత్తరంలో చట్టం రాసినట్టు రాయడం మేలు.

ఎస్ ఒక్కటే కాదు, ఎన్, ఎన్‌తో అచ్చు, ఇ-ఆర్ కూడా అతుకులుగా వస్తాయి. కింట్‌నే కిండర్‌ఫ్రొయిండ్‌లిష్‌లో ఇ-ఆర్ చేర్చి, కింట్‌గెరెష్ట్‌లో ఏమీ చేర్చకుండా వాడతారు.

ఒకే చివర ఉన్న పదాలకు వేరువేరు అర్థాలెందుకు?

రెండు పదాల మధ్య సంబంధం ఏమిటో సమాసం చెప్పదు. చదివేవాడే ఊహించుకోవాలి. త్సుకర్‌ఫ్రై అంటే చక్కెర లేనిది. రెత్సెప్ట్‌ఫ్రై అంటే చీటీ లేనిది కాదు, చీటీ అక్కర్లేనిది. హిత్సెఫ్రై అంటే ఎండ లేకపోవడం అసలే కాదు, ఎండలు మండుతున్నాయని బడికి ఇచ్చే సెలవు. మన ఒంటిపూట బడుల లాంటిదే, కాకపోతే అక్కడ ఏరోజుకారోజు తేలుస్తారు.

కిండర్‌జిషర్ ఇంకా తమాషా. పిల్లలకు భద్రమైనది అనిపిస్తుంది. మందు సీసా మూత మీద ఉంటే మాత్రం పిల్లలు తీయలేనిది అని. ఫొయర్‌జిషర్ కూడా అంతే, నిప్పుకు తట్టుకునేది. ఇక క్రీజెన్‌జిషర్ ఉద్యోగమంటే మాంద్యంలోనూ ఊడనిది. అమ్మానాన్నలకు చెప్పుకోదగ్గ విశేషణం.

జర్మన్ వెబ్‌సైట్లలో ఆర్డర్ పెట్టే బటన్ మీద త్సాలుంగ్స్‌ప్ఫ్లిష్టిగ్ బెష్టెలెన్ అని ఉండటం చూసే ఉంటారు. డబ్బు కట్టే బాధ్యతతో ఆర్డర్ చేస్తున్నాను అని. 2012 ఆగస్టు 1 నుంచి అలాగే రాయాలి, లేదా అంత స్పష్టంగా ఉండే వేరే మాట రాయాలి. లేకపోతే ఆ ఒప్పందం చెల్లదు. ఒక విశేషణం మీద ఇంత భారం పెట్టిన దేశం మరొకటి ఉందో లేదో!

బ్లౌఒయ్‌గిగ్‌లో ‘ఒయ్‌గిగ్’ నిఘంటువులో దొరకదేం?

ఆ మాట విడిగా లేదు కాబట్టి. బ్లౌ అంటే నీలం, ఔగె అంటే కన్ను. నీలి కళ్లున్న అని చెప్పడానికి ‘నీలి కన్ను’ అనే జంటను ముందు కట్టి, ఆ మొత్తానికి ఇగ్ తగిలించారు. దాంతో ఔ కాస్తా ఒయ్ అయింది. మన బహువ్రీహి చేసే పనే ఇది. పద్మాక్షి, చతుర్ముఖుడు ఎలాగో ఇదీ అలాగే. తేడా ఏమిటంటే జర్మన్‌లో చివర ప్రత్యయం కావాలి. డిక్‌కోప్ఫిగ్, అంటే మొండి, మాటకు మాట పెడితే లావు తల ఉన్న. ఫీర్‌బైనిగ్ నాలుగు కాళ్ల. లాంగ్‌హారిగ్ పొడవాటి జుట్టున్న.

ఇలాంటి పదాన్ని రెండు పదాలుగా విడదీసి రెండోదాన్ని వెతకకూడదు, మూడు ముక్కలుగా చూడాలి. లైను చివర విరుపు బ్లౌ-ఒయ్-గిగ్. అన్నట్టు ఎవరినైనా బ్లౌఒయ్‌గిగ్ అంటే కళ్ల రంగు గురించే కాకపోవచ్చు, లోకం తెలియని అమాయకుడని కూడా అర్థముంది.

ఊనిక ఎక్కడ పెట్టాలి?

మామూలుగా పూర్వపదం మీద. ఉమ్‌వెల్ట్‌ఫ్రొయిండ్‌లిష్‌లో ఉమ్ మీద, ప్ఫ్లేగెబెడ్యుర్ఫ్టిగ్‌లో ప్ఫ్లే మీద. అర్థానికి కుడివైపు పెద్ద, ఊనికకు ఎడమవైపు పెద్ద. ఫెర్, బె, గె లాంటి ఉపసర్గలు పదం మొదట ఉన్నా ఊనిక తీసుకోవు.

మినహాయింపు ఒకటుంది. పూర్వపదం అసలు అర్థం వదిలేసి ‘చాలా’ అనే అర్థంలో వస్తే ఊనిక రెండు చోట్లా పడుతుంది. ష్టైన్‌రైష్ అనే పదంలో ష్టైన్ మీద మాత్రమే ఊనిస్తే రాళ్లు ఎక్కువున్న పొలం. రెండింటి మీదా ఊనిస్తే కోట్లకు పడగలెత్తిన మనిషి. బ్లూట్‌ఆర్మ్ కూడా ఇంతే: బ్లూట్ మీద ఊనిస్తే రక్తం తక్కువున్న, రెండింటి మీదా ఊనిస్తే కటిక పేద. రాతలో ఏ తేడా లేదు.

తెలుగువాళ్ల నోట్లో ఈ పదాలు ఎక్కడ చెడతాయి?

ఎక్కువగా అచ్చు ఎదురైన చోట. మన నోటికి సంధి పుట్టుకతో వచ్చింది. రాముడు, అతడు పక్కపక్కన పడితే రాముడతడు అనేస్తాం. జర్మన్ దానికి ఒప్పుకోదు. రెండో ముక్క అచ్చుతో మొదలైతే దాని ముందు గొంతులో చిన్న కట్ పడుతుంది. ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్స్‌ఫోల్ అంటే ఫెర్, ఆగి, ఆంట్. ‘ఫెరాంట్’ కాదు. వయసును బట్టి మారే అనడానికి ఆల్టర్స్‌అబ్‌హెంగిగ్. ‘ఆల్టర్సబ్’ అని కలిపేస్తే వినేవాడికి అబ్‌హెంగిగ్ అనే పదం అసలు అందదు.

ఇదే మాట ప్రత్యయాలకు వర్తించదని గుర్తుంచుకోండి. ఇగ్, ఇష్, ఉంగ్ ముందు కట్ లేదు, అక్కడ కలపాల్సిందే. కలిపేది ప్రత్యయం దగ్గర, కలపకూడనిది పదం, ఉపసర్గ అతికిన చోట. ఆల్టర్స్‌అబ్‌హెంగిగ్‌లో అబ్ ముందు ఆగాలి, చివరి గిగ్ దగ్గర ఆగకూడదు.

రెండో ఇబ్బంది హల్లుల గుంపు. ‘రుంగ్స్‌ప్ఫ్లిష్’ దగ్గర చాలామంది ‘రుంగుసుప్లిష్’ అని మధ్యలో ఉకారాలు పోస్తారు. అలా చేస్తే సిలబుళ్ల లెక్కే మారిపోతుంది. ‘రుంగ్స్’ దగ్గర పూర్తిగా ఆగి, తర్వాత ‘ప్ఫ్లిష్’ ఎత్తుకోండి. కొన్నాళ్లకు ఆ విరామం దానంతటదే తగ్గిపోతుంది.

లైను చివర పదం విరిచే నియమాలేమిటి? పాతవీ కొత్తవీ వేరా?

మొదట కీళ్ల దగ్గర విరవాలి: సమాసంలోని పదాల మధ్య, ఉపసర్గ తర్వాత. తర్వాత ఒక్కో పదం లోపల, అచ్చుల మధ్య ఒకే హల్లుంటే అది కింది లైనుకు, ఎక్కువుంటే చివరిది మాత్రమే కిందికి. సి-హెచ్, ఎస్-సి-హెచ్ లాంటివి ఒకే శబ్దానికి గుర్తు కాబట్టి విడదీయరు. ఎన్-జి మాత్రం ఒకే శబ్దమైనా విడిపోతుంది: అబ్‌హెంగిగ్ రాతలో అబ్, హెన్, గిగ్.

1996లో ఒప్పుకుని 1998 ఆగస్టు 1 నుంచి అమలు చేసిన స్పెల్లింగ్ సంస్కరణ రెండు పాత అలవాట్లు మార్చింది. అంతకుముందు ఎస్-టిని విడదీయకూడదు. ట్రెన్నె నీ ఎస్‌టే, డెన్ ఎస్ టూట్ ఈమ్ వే అని బడిపిల్లల చేత వల్లె వేయించేవాళ్లు. ఎస్‌టిని ఎప్పుడూ విడదీయకు, దానికి నొప్పి పుడుతుంది అని. ఇప్పుడు నొప్పి లేదు. చవకైన అనే అర్థంలో ప్రైస్‌గ్యున్‌స్టిగ్‌ను పూర్వం ప్రైస్-గ్యున్-స్టిగ్ అనేవారు, ఇప్పుడు ప్రైస్-గ్యున్స్-టిగ్. రెండోది సి-కె. పూర్వం విరిచేటప్పుడు అది కె-కె అయ్యేది, పదం రూపమే మారేది. ఇప్పుడు సి-కె జంటగా కిందికి దిగుతుంది: త్సు-కర్-ఫ్రై. పాత పుస్తకాల్లో లైను చివర వింత స్పెల్లింగ్ కనబడితే కారణం ఇదే.

2006 సవరణ పదం మొదటి ఒంటి అచ్చును ఒంటరిగా వదలకూడదని మళ్లీ చెప్పింది. 1996 నియమం దాన్ని అనుమతించింది, ఎవరికీ నచ్చలేదు. ఇప్పుడీ వ్యవహారాలు చూసేది 2004లో ఏర్పడ్డ జర్మన్ స్పెల్లింగ్ మండలి. మాన్‌హైమ్‌లో ఉంటుంది.

మూడు ‘ఎల్’లు వరసగా ఉన్నాయి, అచ్చుతప్పా?

కాదు. ష్నెల్ చివర రెండు ఎల్‌లు, లేబిగ్ మొదట ఒకటి. కలిపితే ష్నెల్‌లేబిగ్, అంటే వేగంగా మారిపోయే. సంస్కరణకు ముందు, తర్వాత అచ్చు వస్తోంది కాబట్టి ఒక ఎల్ ఎత్తేసేవారు. లైను చివర విరిస్తే అది మళ్లీ ప్రత్యక్షమయ్యేది! ఇప్పుడు మూడూ రాస్తారు. పట్టపగలు అనడానికి వాడే హెల్‌లిష్ట్‌లోనూ మూడు ఎల్‌లే. చూపుకు బాగోకపోయినా కీలు ఎక్కడుందో తెలుస్తుంది కాబట్టి నేను కొత్త పద్ధతి వైపే.

తప్పు చోట విరిస్తే ఏమవుతుంది?

ఎక్కువసార్లు ఏమీ కాదు, చదివేవాడు ఒక క్షణం తడబడతాడు. కొన్నిసార్లు నవ్వులపాలవుతుంది. ఆల్ట్‌బౌ-ఎర్‌హాల్టుంగ్ అంటే పాత భవనాల పరిరక్షణ. దాన్ని ఆల్ట్‌బౌఎర్-హాల్టుంగ్ అని విరిస్తే ముసలి రైతుల పెంపకం అయిపోతుంది. దారి తప్పించే ఇలాంటి విరుపులు వద్దని చెబుతూ అధికారిక నియమాలే దీన్ని ఉదాహరణగా ఇచ్చాయి. ష్టౌబెకెన్ లాంటి పదాలకైతే రెండు కోతలూ చెల్లుతాయి. ష్టౌ-బెకెన్ అంటే జలాశయం, ష్టౌప్-ఎకెన్ అంటే దుమ్ము పట్టిన మూలలు. పక్క వాక్యం చూసి తేల్చుకోవడమే.

విశేషణం మధ్యలో అడ్డగీత ఎప్పుడు పెడతారు?

రెండు సమాన భాగాలైతే: డొయిచ్-ఇండిష్, జర్మన్-భారతీయ. అంకెలు వస్తే: 43-యేరిగ్, 43 ఏళ్ల. అక్షరాల్లో రాస్తే గీత లేకుండా అంతా ఒకే పదం. ఒకే ఉత్తరపదం రెండుసార్లు చెప్పకుండా తప్పించుకోవాలన్నా గీతే: త్సుకర్- ఉంట్ ఫెట్‌ఆర్మ్, చక్కెరా కొవ్వూ తక్కువున్న. మొదటి పదం చివర వేలాడే ఆ గీత అచ్చుతప్పు కాదు, మిగతా ముక్క తర్వాత వస్తుందని చెప్పడానికి పెట్టింది.

విభక్తి ప్రత్యయాలు, తర-తమ రూపాలు ఎక్కడ చేరతాయి?

చివరే, ఒక్కసారే. పదం ఎంత పొడవున్నా లోపలి భాగం కదలదు. చివరి సిలబుల్ మాత్రం మళ్లీ చీలుతుంది: ప్ఫ్లిష్-టిగ్ కాస్తా ప్ఫ్లిష్-టి-గె అవుతుంది. ఇక్కడ గ్ చివర లేదు కాబట్టి ‘ష్’ ధ్వని పోయి అసలు ‘గ’ బయటికొస్తుంది. ఆర్-బైట్స్-లోస్ ఆర్-బైట్స్-లో-జె అవుతుంది, స కాస్తా జ. నిఘంటువులో చూసిన ఉచ్చారణ వాక్యంలో వినిపించకపోవడానికి సగం కారణం ఇదే.

తర-తమాలు కూడా అంతే: ఉమ్‌వెల్ట్‌ఫ్రొయిండ్‌లిషర్. పూర్వపదంలోనే తమ రూపం ఉంటే మళ్లీ చేర్చకూడదు. బెస్ట్‌మోగ్‌లిష్ అంటేనే వీలైనంత ఉత్తమమైన. దానికి ఇంకో ‘స్ట్’ తగిలించి మాట్లాడే జర్మన్లు బోలెడుమంది, పరీక్షలో మీరు ఆ పని చేయకండి.

అన్నిటికన్నా పొడవైన విశేషణం ఏది?

లేదు, ఉండదు. ఎవరైనా ఇంకో పదం అతికించవచ్చు. పత్రికల్లో పేరు మోసిన రిండ్‌ఫ్లైష్‌ఎటికెటీరుంగ్స్‌ఊబర్‌వాహుంగ్స్‌ఔఫ్‌గాబెన్‌ఊబర్‌ట్రాగుంగ్స్‌గెజెట్స్ నామవాచకం. 63 అక్షరాల ఆ గొడ్డుమాంసం లేబుళ్ల చట్టాన్ని మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమ్మెర్న్ రాష్ట్రం 1999లో చేసింది, 2013లో రద్దు చేసింది. అలాంటివి బట్టీ పట్టడం టైం వేస్ట్.

విరుపు సరిగ్గా ఉందో లేదో ఎక్కడ చూసుకోవాలి? కంప్యూటర్‌ను నమ్మొచ్చా?

కొన్రాడ్ డూడెన్ 1880లో మొదలుపెట్టిన డూడెన్ నిఘంటువులో ప్రతి పదానికీ విరుపు చోట్లు గీతలతో చూపిస్తారు. బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ అకాడమీ ఉచితంగా నడిపే డీ-డబ్ల్యూ-డీ-ఎస్ ఆన్‌లైన్ నిఘంటువు ఇంకా పనికొస్తుంది. అందులో వోర్ట్‌ట్రెన్నుంగ్ అనే చోట లైను విరుపు, వోర్ట్‌త్సెర్‌లేగుంగ్ అనే చోట అర్థం విరుపు విడివిడిగా ఉంటాయి.

కంప్యూటర్ విషయానికొస్తే, ఫ్రాంక్లిన్ లియాంగ్ 1983లో రూపొందించిన పద్ధతి పుస్తకాల పేజీలు అమర్చే ‘టెక్’ (TeX) అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఆ తరహా పద్ధతులు మిగతా చోట్లా వాడుతున్నారు. అది అర్థం చూడదు, అక్షరాల వరసలను బట్టి విరుపు ఊహిస్తుంది. వాడుకలో ఉన్న పదాలకు బాగానే పనిచేస్తుంది, అప్పటికప్పుడు అతికించిన సమాసాల దగ్గర తడబడవచ్చు. వర్డ్‌లో జర్మన్ రెజ్యూమె రాస్తుంటే ముందు ఆ టెక్స్ట్ భాషను జర్మన్‌గా మార్చండి, లేకపోతే ఇంగ్లిష్ నియమాలతో విరుస్తుంది. వెబ్ పేజీలోనూ భాష జర్మన్ అని చెప్పకపోతే బ్రౌజర్ విరవకపోవచ్చు, ఫోన్ తెరపై 28 అక్షరాల పదం అంచు దాటి బయటికి పోతుంది. కావాల్సిన కీలు దగ్గర సాఫ్ట్ హైఫన్ పెడితే సరి. అది అక్కడ విరవాల్సి వచ్చినప్పుడే కనబడుతుంది.